రెండో చెంచా నూనె

మార్చి 3, సోమవారం

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అన్నీ కలిశాయట. రక్తం కలిసింది, ఇంకేవో పరీక్షలు కలిశాయి, మా ఆవిడ కిడ్నీలు రెండూ నిక్షేపంగా ఉన్నాయట. ఒకటి తీసి ఆమె తమ్ముడు చిన్నోడికి పెట్టొచ్చు. అడ్డల్లా బరువే. డెబ్భై తొమ్మిది కిలోలు. డెబ్భై ఒకటికి దిగితేగాని కత్తి పట్టనని సర్జన్ తెగేసి చెప్పాడు. షుగర్ కూడా గీత మీద ఉంది, బరువు తగ్గితే అదీ దారికొస్తుందట. నాలుగు నెలల గడువు.

ఆ మాటకి ఆమె మొహం చిన్నబోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. లోపల ఏమనిపించిందో తెలుసు. అది రాయను.

చిన్నోడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సంగతి చెబితే నవ్వాడు. "ఆ ఎనిమిది కిలోలూ నువ్వు పెట్టినవే బావా. ఇరవై రెండేళ్ళు వండి వండి పెట్టావు" అన్నాడు.

పెళ్ళైన మూడో రోజున ఆమె వెంట మా ఇంటికొచ్చిన పన్నెండేళ్ళ పిల్లాడు. అప్పటికే తల్లీ తండ్రీ లేరు. ఇప్పుడు ముప్ఫై నాలుగు. షాపుల బోర్డులు రాస్తాడు, అంటే రాసేవాడు. మాకు పిల్లలు లేరన్న సంగతి వాడి వల్లే సగం మర్చిపోయాం. రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు మిషన్ పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు.

మార్చి 5, బుధవారం

డైటీషియన్ దగ్గరికి వెళ్ళాం. కాగితం మీద గుండ్రంగా కంచం గీసి మధ్యలో గీత కొట్టింది. సగం కూరగాయలు. మిగిలిన సగంలో సగం ప్రోటీన్: గుడ్డు, చేప, చికెన్, పప్పు, పెరుగు, ఏదో ఒకటి. ఆ మిగిలిన పావు భాగమే అన్నమైనా రొట్టైనా. అన్నమైతే కప్పుతో చదునుగా కొలిచి పెట్టాలి. నూనె పూటకి ఒక్క పెద్ద చెంచా. ప్రోటీన్ పొడుల జోలికి వెళ్ళొద్దంది, వాటి వల్ల కిడ్నీ పరీక్షల్లో అంకెలు తారుమారవుతాయట. అన్నం పూర్తిగా మానేయడం కూడా తప్పేనంది. వ్యాయామానికి శక్తి దాన్నుంచే రావాలి, లేకపోతే ఒళ్ళు కండని కరిగించుకుంటుందని చెప్పింది.

ఇంట్లో వంట ఎవరిదని అడిగింది. ఆయనదేనని మా ఆవిడ చెప్పింది.

"అయితే అంతా మీ చేతుల్లోనే ఉందండీ" అంది నా వైపు తిరిగి.

మా ఆవిడ బస్సు కండక్టరు. మొదటి షిఫ్టు, ఆరింటికల్లా డిపోలో ఉండాలి. నా కళ్ళద్దాల షాపు పదింటికి తెరుస్తాను. అందుకే పెళ్ళైన నాటి నుంచీ వంట నాది.

తిరిగొచ్చేటప్పుడు మనిషి ఎక్కి తూచుకునే త్రాసు కొన్నాం. సాయంత్రం ఆమె జిమ్‌లో చేరింది. ట్రైనర్ అమ్మాయి ఈమెలో సగం వయసుది, సగం ఒళ్ళుది. మొదటి రోజే ఇరవై గుంజీలు తీయించిందట. మెట్లు ఎక్కలేక రెయిలింగ్ పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

మార్చి 9, ఆదివారం

78.3.

మార్చి 16, ఆదివారం

77.2. త్రాసు దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంది. చిన్నోడికి ఫోన్ చేసి అంకె చదివి వినిపించింది.

మార్చి 18, మంగళవారం

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితాలు షాపులో కూర్చుని చదివాను. దాతకి రాగల ప్రమాదాలట. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మత్తు పడకపోవడం. చిట్టచివర ఒక వాక్యం, వేలల్లో ఏ ఒకరిద్దరికో ప్రాణాపాయం అని. ఆ ఒకరిద్దరికీ మొగుళ్ళు ఉండే ఉంటారు.

ఒక పెద్దాయన కళ్ళజోడుకి ముక్కు దగ్గరి ప్యాడ్ మార్చమని వచ్చాడు. స్క్రూ మూడుసార్లు చేతిలోంచి జారింది.

మార్చి 23, ఆదివారం

76.3. ట్రైనర్ తెగ మెచ్చుకుందట. ఈ వేగాన వెళితే మే సగానికల్లా అయిపోతుందట. జూన్ మొదట్లో ఆపరేషన్ పెట్టించుకోవచ్చని ఆమె వేళ్ళ మీద లెక్కేసింది. నేను సరేనన్నాను.

మార్చి 24, సోమవారం

బీన్స్ మరీ గడ్డిలా ఉంటున్నాయి. ఆమె ఏమీ అనదు గానీ నమిలేటప్పుడు తెలుస్తూనే ఉంటుంది. ఇవాళ ఇంకో చెంచా నూనె వేశాను. రుచి కోసం.

"ఇవాళ కూర బాగుందండీ" అంది బాక్సు కడుగుతూ.

ఆమె ఆ మాట అని ఎన్నాళ్ళయిందో.

మార్చి 30, ఆదివారం

76.2.

ఏప్రిల్ 2, బుధవారం

కప్పులో అన్నం పెట్టేటప్పుడు గరిటె వెనక వైపుతో కాస్త నొక్కాను. పైన చదునుగానే ఉంది. చదునుగా కొలవమన్నారు, చదునుగానే కొలిచాను. కష్టపడే మనిషి. డిపోకి వెళ్ళి ఎనిమిది గంటలు నిలబడి, ఆ పైన జిమ్‌కి వెళ్తోంది.

ఏప్రిల్ 6, ఆదివారం

76.4. ఉప్పు వల్ల నీరు పట్టి ఉంటుందని చెప్పాను.

ఏప్రిల్ 13, ఆదివారం

76.5. త్రాసు పాడైందేమోనని బియ్యం ప్యాకెట్టు పెట్టి చూసింది. త్రాసు బాగానే ఉంది.

సాయంత్రం జిమ్ నుంచి త్వరగా వచ్చేసింది. బయట ఏమైనా తింటున్నారా అక్కా, నిజం చెప్పండి అని ట్రైనర్ అందరి ముందూ అడిగిందట. ఒట్టేసి చెప్పినా ఆ పిల్ల నమ్మినట్టు లేదట. డిపోలో పక్కవాళ్ళు వడలిస్తే కూడా చేయి చాచలేదండీ అని నాతో చెప్పింది, నేనూ నమ్మననుకుందో ఏమో. నమ్ముతానన్నాను. ఈ ఇంట్లో ఆ మాట నాకంటే గట్టిగా ఎవరు అనగలరు?

ఏప్రిల్ 15, మంగళవారం

నేను చేస్తున్నది పెద్ద నేరమేం కాదు. పూటకి ఒక చెంచా ఎక్కువ. అన్నం కాస్త నొక్కడం. పెరుగుకి వెన్న తీయని పాలు. సూప్‌లో చిక్కదనానికి జీడిపప్పు ముద్ద. వీటిలో ఏదీ విషం కాదు. లోకంలో ప్రతి ఇంట్లోనూ తినేవే. నేను ఆమెకి మంచి తిండి పెడుతున్నాను.

అసలు ఇంకో దాత దొరకొచ్చు. ఆసుపత్రి జాబితాలో చిన్నోడి పేరు ఉంది కదా.

ఇది చదివితే నాకే అసహ్యం వేస్తోంది. పేజీ చింపను.

ఏప్రిల్ 20, ఆదివారం

76.6. త్రాసు మీంచి దిగింది. అద్దం ముందు నిలబడి పొట్ట దగ్గర కండ పట్టుకుని లాగింది, అది తనది కానట్టు.

రేపటి నుంచి అన్నం పెట్టొద్దంది. డైటీషియన్ మానొద్దంది కదా అన్నాను. "ఆవిడ మామూలు ఒంటి గురించి చెప్పింది. నాది వేరే జాతి" అంది.

ఏప్రిల్ 27, ఆదివారం

76.4.

చిన్నోడు వచ్చాడు. ఆమె నడకకి వెళ్ళింది. వాడు వంటింట్లో స్టూలు మీద కూర్చుని నాతో ఏదో సోది చెబుతూ, ఆమె కోసం మూతపెట్టిన కూర ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మాట ఆపేశాడు.

"బావా, ఇందులో నూనె ఎంత వేశావు?"

ఒక చెంచా అన్నాను. వాడు గిన్నె పక్కకి వంచి చూపించాడు. కూర కిందనుంచి నూనె జారి ఒక మూల నిలిచింది.

"రెండేళ్ళుగా మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగుతున్నాను. నాకు చెప్తావా?"

వాడు డబ్బాలో పెరుగు చూశాడు, మీగడ కట్టి ఉంది. సూప్‌లో గరిటె తిప్పి చూశాడు. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. స్టూలు నా వైపు జరిపి, తను పొయ్యి గట్టుకి ఆనుకున్నాడు. డయాలసిస్ సూదులకి ఉబ్బిపోయిన వాడి చేతిని చూస్తూ కూర్చున్నాను.

"అక్కని కొయ్యడం నీకు ఇష్టం లేదు. అంతేగా?"

అంతే అన్నాను. ఈ రెండు నెలల్లో నా నోటి వెంట వచ్చిన మొదటి నిజం అది.

"నాకూ భయమే బావా. ఆ మాట నువ్వు నాతో అనుంటే, ఇద్దరం కలిసి అక్కకి వద్దని చెప్పేవాళ్ళం. నేను మిషన్ మీదే ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండేవాణ్ణి. నీ మీద కోపం ఉండేది కాదు. కానీ ఇదేంటి? మొన్న నాకు ఫోన్ చేసి, క్షమించరా, నా ఒళ్ళే సహకరించట్లేదని ఏడ్చింది. తన ఒంటిని తనే తిట్టుకునేలా చేశావు."

ఆమెకి చెప్పేస్తావా అని అడిగాను. నీచంగా ఉంది ఇప్పుడు రాస్తుంటే. మొదట అడిగింది అదే.

"నేను చెప్పను. నువ్వే చెప్పు" అన్నాడు.

గేటు చప్పుడైంది. ఆమె వచ్చి చెమట తుడుచుకుంటూ, ఏంటిరా, మీ బావా నువ్వూ మొహాలు వేలాడేసుకున్నారు అంది. బావ వంటలో ఉప్పు లేదంటే కోపం వచ్చిందని వాడు చెప్పాడు. ఆమె నవ్వింది.

ఏప్రిల్ 28, సోమవారం

చెప్పలేదు. కానీ నూనె ఒక్క చెంచానే వేశాను. అన్నం బలవంతంగా పెట్టాను, నొక్కకుండా.

ఏప్రిల్ 29, మంగళవారం

ఒక్క చెంచానే. చెప్పలేదు. మానేశాక చెప్పాల్సిన పని ఏముంది?

ఏప్రిల్ 30, బుధవారం

ఒక్క చెంచా.

మే 4, ఆదివారం

75.1. వారంలో కిలోకి పైగా. ఆమె కళ్ళలో నీళ్ళు. నన్ను పట్టుకుని ఊపేసింది. చూశారా, పట్టుదల ఉంటే ఒళ్ళు వినకేం చేస్తుంది అంది.

ఒక్క వారం నేను చేయి కట్టేసుకుంటే ఇంత దిగింది. నాలుగు వారాల్లో డెబ్భై ఒకటి. ఆ తర్వాత బల్ల, దీపాలు, కత్తి.

మే 5, సోమవారం

రెండు చెంచాలు.

మే 8, గురువారం

ఉదయం పదకొండున్నరకి షాపుకి ఫోన్ వచ్చింది. కళ్ళజోడు పెట్టి చూస్తున్న మనిషిని అలాగే వదిలేసి పరిగెత్తాను.

టికెట్లు ఇస్తూ బస్సు మధ్యలో పడిపోయిందట. బ్రేకు వేయలేదు, ఎవరూ తోయలేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిందట. మెడలో ఉన్న టికెట్ మిషన్ మొహానికి తగిలి కనుబొమ్మ చీలింది. ఐదు కుట్లు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఈవిడ ఎన్నాళ్ళుగా సరిగ్గా తినట్లేదని అడిగాడు. రోజూ మూడు పూటలా తింటోందండీ, నేనే వండి పెడుతున్నానని చెప్పాను.

బస్సు డ్రైవరు గుమ్మం దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు.

"పది రోజులుగా బాక్సు నాకే ఇచ్చేస్తోందండీ. తను రెండు దోసకాయ ముక్కలు తిని ఊరుకుంటోంది. ఇంట్లో చెప్పొద్దంది. నాకేం తెలుసు, మీ వంట బాగుంటుంది కదా అని తినేశాను."

అంటే ఆ కిలో తగ్గింది నేను చెంచా తగ్గించినందుకు కాదు. ఆమె ఉపవాసం ఉన్నందుకు. ఆమె ఉపవాసం ఉంటే, నేను మళ్ళీ నూనె పోశాను.

మే 9, శుక్రవారం

చెప్పాను.

మంచం మీద కూర్చుని ఉంది, కంటి పైన కట్టు. రెండు రోజుల్లో మళ్ళీ జిమ్‌కి వెళ్తానంది, ఈ మూడు రోజులు పాడైపోతాయని బాధపడింది. ఇక భరించలేకపోయాను. కుర్చీ లాక్కుని, మొదలుపెట్టి, చివరి దాకా చెప్పాను. నూనె, అన్నం, పెరుగు, జీడిపప్పు. ఏదీ దాచలేదు. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది, ఎప్పట్నుంచి అని. మార్చి ఇరవై నాలుగు అన్నాను.

"తారీకు కూడా గుర్తుందా?"

దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. అరుస్తుందేమోనని చూశాను. అరిచినా బాగుండేది.

"మీకు భయమైతే నాతో అనాలి. నాతో దెబ్బలాడాలి. కాళ్ళు పట్టుకోవాలి. గిన్నెలో కలుపుతారా?" అంది.

నీకేమైనా అయితే నేను ఎలా బతకాలి అన్నాను.

"నాకు ఏదో అయింది కదా" అంది కట్టు చూపించి.

వాడికి తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

మే 10, శనివారం

లేచి తనే వండుకుంది. కంటి మీద కట్టుతోనే కూరగాయలు తరిగింది. నేను సాయానికి వెళ్తే, మీది మీరు వండుకోండి అంది. కోపంగా కూడా కాదు.

మే 18, ఆదివారం

త్రాసు ఎక్కిన చప్పుడు వినిపించింది. అంకె నాకు చెప్పలేదు.

మే 26, సోమవారం

డైటీషియన్ దగ్గరికి ఒక్కతే వెళ్ళొచ్చింది. బల్ల మీద కొత్త కాగితం పెట్టి ఉంటే చదివాను. పొద్దున గుడ్లు, ఓట్స్. మధ్యాహ్నం కప్పు అన్నం. జిమ్‌కి గంట ముందు అరటిపండు. కింద గీత కొట్టి, ఏ పూటా మానకూడదు అని రాసి ఉంది. పొయ్యి మీద రెండు చిన్న గిన్నెలు పక్కపక్కన ఉంటున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి నాది.

నాది నాకు తినబుద్ధి కావట్లేదు.

జూన్ 11, బుధవారం

చిన్నోడికి జ్వరం. చలితో మంచం ఊగిపోయేలా వణుకు. చేతి నరం మూసుకుపోయాక డయాలసిస్ కోసం మెడ దగ్గర వేసిన గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్, రక్తంలోకి పాకిందట. ఐసీయూలో పెట్టారు.

జూన్ మొదట్లో ఆపరేషన్ అని ఆమె వేళ్ళ మీద లెక్కేసింది కదా. ఆ లెక్క సాగి ఉంటే వాడికి ఇవాళ ఆ గొట్టంతో పని ఉండేది కాదు.

ఆమె ఆ మాట అనలేదు. బయట కుర్చీల్లో నా పక్కనే కూర్చుంది. మధ్యలో ఒక కుర్చీ వదిలి.

జూన్ 14, శనివారం

అలాగే ఉన్నాడు.

జూన్ 17, మంగళవారం

కళ్ళు తెరిచాడు. ఐదు నిమిషాలు లోపలికి పంపారు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా వల్లే అన్నాను చివరికి.

"నర్సులు చూస్తారు బావా, ఆ మొహం మార్చు. నేను పోయాననుకుని ముక్కులో దూది పెట్టేస్తారు" అన్నాడు. గొంతు గీసుకుపోయి ఉంది. చెయ్యి చాచాడు. "నీ వల్ల కొంత. నా కిడ్నీల వల్ల కొంత. మొత్తం నువ్వే తీసుకోకు."

కొంత. ఆ మాటకి వాణ్ణి మెచ్చుకోవాలి. అస్సలు లేదని అబద్ధం చెప్పలేదు.

జూలై 13, ఆదివారం

వంటింటి బల్ల మీద చీటీ. 70.8. నాకోసమే పెట్టిందో, మర్చిపోయి వదిలేసిందో.

జూలై 22, మంగళవారం

అవయవదానానికి అనుమతి ఇచ్చే కమిటీ ముందుకి పిలిచారు. బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ కళ్ళజోడు ముక్కు మీద నిలవట్లేదు, ప్రతి మాటకీ పైకి తోసుకుంటోంది. ఎడమ ప్యాడ్ వంగింది. చూడగానే చేయి దురద పెట్టింది.

మా ఆవిడని అడిగారు, ఎవరైనా ఒత్తిడి పెట్టారా అని. లేదంది. తర్వాత ఆ కళ్ళజోడావిడ నా వైపు తిరిగి, భర్తగా మీకు ఇది మనస్ఫూర్తిగా సమ్మతమేనా అని అడిగింది.

అవునంటే అయిపోయేది. అందరూ ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నారు.

"మనస్ఫూర్తిగా కాదండీ. నాకు చాలా భయం. ఆ భయంతో ఈమె తిండి పాడుచేశాను, రెండు నెలలు వెనక్కి లాగాను. ఈమెకి తెలుసు. నిర్ణయం ఈమెది. అడ్డు రాను" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మా ఆవిడని చూసి, ఇది విన్నాక కూడా మీ మాట అదేనా అంది.

"అదేనండీ. మార్చిలోనే ఈయన ఈ మాట అనుంటే బాగుండేది" అంది మా ఆవిడ.

సంతకం పెట్టాను. మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పో ఏమో, నా భుజం మీద చెయ్యి వేసి దిగింది. కిందికి రాగానే తీసేసింది.

ఆగస్టు 5, మంగళవారం

ఇద్దరూ లోపలున్నారు.

ఆగస్టు 5, సాయంత్రం

ఆమె బాగుంది. వాడు బాగున్నాడు. కిడ్నీ పెట్టిన కొద్ది నిమిషాలకే మూత్రం వచ్చిందట. సర్జన్ వచ్చి ఆ సంగతి చెబితే, ఆసుపత్రి వరండాలో నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, మూత్రం వచ్చిందని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆగస్టు 11, సోమవారం

ఇంటికి తీసుకొచ్చాను. మూడు వారాలు బరువులెత్తకూడదు, వంగకూడదు. మా అక్క కూతురు వచ్చి వండిపెడుతోంది. నేను గిన్నెలు తోముతున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

అక్క కూతురు నిన్న వెళ్ళిపోయింది. చిన్నోడు పొద్దున ఫోన్ చేసి, నాలుగు గ్లాసుల నీళ్ళు వరసగా తాగానని, ఎవరూ తిట్టలేదని చెప్పాడు.

ఆమె వంటింటి గుమ్మం దగ్గరికి కుర్చీ లాగించుకుని కూర్చుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకునే కూర్చుంటోంది ఇంకా. నేను నా గిన్నె దించుతున్నాను.

"క్యారెట్, బీన్స్ ఉన్నాయి. గుడ్లున్నాయి. కప్పు అన్నం పెట్టండి" అంది.

వెనక్కి తిరిగి చూశాను. నేనా అన్నట్టు.

"నేను మర్చిపోయాననుకోకండి. ఆకలేస్తోంది, అంతే."

కూరగాయలు కడిగాను. తరిగాను. ఆమె కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. బాణలి వేడెక్కాక సీసా తీసి చెంచాలోకి ఒంపాను. అంచుల దాకా, పొర్లకుండా. బాణలిలో వేసి సీసాకి మూత పెట్టాను.

ఆమె చూడకపోయినా ఒక్క చెంచానే వేసేవాణ్ణి అని రాయాలనుంది. ఏమో. చూస్తోంది కాబట్టి ఒక్కటే వేశాను.